కొండవీటి మీద గ్రహాల ఏళ్లు

కొండవీటి ఘాట్ రోడ్డు ఎక్కి, పడమటికి తిరిగి నిలబడితే ఎదుట నరసరావుపేట దిక్కు, కాస్త ఎడమగా కోటప్పకొండ. శుక్రుడు సాయంత్రపు వంతులో ఉన్న నెలల్లో పొద్దుగూకగానే అటువైపు మొదట మెరిసేది ఆయనే. తెల్లవారుజామున తూర్పున పొడిస్తే మన రైతులకు వేగుచుక్క. చూపుకి ఎంత చల్లనివాడో! కానీ ఆ నేల మీద వేడి 465 డిగ్రీల సెల్సియస్, సీసమైనా కరిగిపోవాల్సిందే. సూర్యుడికి ఇంకా దగ్గరగా ఉన్న బుధుడి మీద కూడా అంత వేడి లేదు. దట్టంగా కమ్ముకున్న కార్బన్ డయాక్సైడ్ వేడిని బయటికి పోనివ్వదు మరి.

కొండవీడు ఉన్నది 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. గ్రహాలు చూసేవాళ్లకు ఇది వరం. ఉత్తర యూరప్‌లో గ్రహాలు నడిచే దారి ఏడాదిలో చాలాకాలం నేలవైపు ఒరిగి ఉంటుంది. ఇక్కడ నిటారుగా లేస్తుంది. అందుకే సూర్యుణ్ణి వదలని బుధుడు సైతం మనకు తేలిగ్గా దొరుకుతాడు. గురుడు, శని కొన్నేళ్లు నడినెత్తి దాకా వస్తారు.

శ్రీకృష్ణదేవరాయలు ఈ కొండవీటి కోటను గజపతుల నుంచి గెలుచుకున్నది 1515లో. మన లెక్కన అయిదు వందల ఏళ్లు దాటాయి. 88 రోజులకే ఏడాది పూర్తయ్యే బుధుడు ఈలోగా రెండు వేల చుట్లకు పైగా తిరిగేశాడు. ఇరవై తొమ్మిదిన్నరేళ్లకొక చుట్టు తిరిగే శనికి పదిహేడు పూర్తయ్యాయి. యురేనస్‌కు ఆరు, నెప్ట్యూన్‌కు మూడే మూడు! ఈ చివరి రెండూ గ్రహాలని కోట కావలివాళ్లకు తెలిసే వీలే లేదు. యురేనస్‌ను విలియం హెర్షెల్ 1781లో టెలిస్కోపుతో కనిపెట్టాడు. నెప్ట్యూన్ ఎక్కడుండాలో ముందు గణితం చెప్పింది, 1846లో అది అక్కడే కనిపించింది. మనిషి బుద్ధికి ఇంతకు మించిన విజయం నాకు తోచదు.

ఎర్రగా వెలిగే అంగారకుడి మీద ఒలింపస్ మాన్స్ అనే అగ్నిపర్వతం ఎత్తు సుమారు 22 కిలోమీటర్లు, ఎవరెస్టుకు రెండున్నర రెట్లు. మన శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5న బయల్దేరిన మంగళయాన్ 2014 సెప్టెంబర్ 24న ఆ గ్రహం కక్ష్యలోకి చేరింది.

పల్నాటి ప్రజలకు వీళ్లందరిలో దగ్గరివాడు మాత్రం గురుడే. వెయ్యికి పైగా భూములు పట్టేంత దేహం, అయినా పది గంటలలోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు. సూర్యుణ్ణి చుట్టి రావడానికి 11 ఏళ్ల 10 నెలలు. ఆయన కన్యారాశిలో అడుగుపెడితే కృష్ణకు పుష్కరం. 2016లో అమరావతి ఘాట్లలో మునిగిన జనమంతా నిజానికి ఒక గ్రహం నడకను అనుసరించినవాళ్లే. మళ్లీ కృష్ణా పుష్కరాలు 2028లో. ఆ రోజుల్లో మబ్బు లేని సాయంత్రం చూసుకుని కొండవీడు ఎక్కండి, పిల్లల్ని వెంటబెట్టుకుని. పడమట మిణుకుమనకుండా నిలకడగా వెలిగే గురుణ్ణి వాళ్లకు వేలు పెట్టి చూపించండి.