రూపాయి ఛానలే.. మనింటికి రాదేం?
విదేశీ వార్తల కోసం నగర తెలుగువారి ఎదురుచూపు
అడిగితేనే తెరపైకి

చెన్నై, ప్రత్యేక ప్రతినిధి: అమెరికాలో తుపానన్నా, గల్ఫ్‌లో యుద్ధమన్నా ముందుగా ఉలిక్కిపడేది పెరంబూరు, టి.నగర్ ఇళ్లలోని పెద్దవాళ్లే. అబ్బాయికి ఫోన్ కలవదు. చేతిలో ఉన్నది రిమోటే. తమిళం, తెలుగు ఛానళ్లు తిప్పితే అవే నాలుగు దృశ్యాలు గంటల తరబడి వస్తుంటాయి. పోనీ అక్కడి ఛానలే చూద్దామంటే ‘ఇది మీ ప్యాక్‌లో లేదు’ అని తెర మీద అక్షరాలు! అంత ఖరీదైన ఛానలా అంటే అదీ కాదు.

హోటల్ డిష్ నుంచి ఇంటికి..
1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు 1.7 లక్షల మందికి పైగా భారతీయులను విమానాల్లో తరలించారు. వారి ఇళ్లవాళ్లకు అప్పట్లో రేడియో, పత్రికలే దిక్కు. 1991 జనవరి నాటి గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్‌ఎన్ ప్రత్యక్షంగా చూపింది. మన దేశంలో పెద్ద హోటళ్లలో డిష్‌లున్న చోట జనం గుమిగూడి చూశారు. అదే ఏడాది స్టార్‌తో పాటు బీబీసీ వచ్చింది. వీధివీధినా కేబుల్ వైర్లు అల్లుకున్నాయి.

తొలి పెట్టె ఇక్కడే
డబ్బు కట్టే ఛానళ్లకు పెట్టె తప్పనిసరి చేసే ‘క్యాస్’ను నాలుగు మహానగరాల్లో తెస్తామన్నారు. 2003 సెప్టెంబరు 1న అమలైంది మాత్రం ఒక్క చెన్నైలోనే. ఉచిత ఛానళ్లకు నెలకు 72 రూపాయలు, పన్నులు అదనం. మిగతావి కావాలంటే పెట్టె కొనాల్సిందే. కొన్నవాళ్లు తక్కువే. ఏ ఛానల్ ఇంట్లోకి రావాలన్నా మధ్యలో ఒక పెట్టె ఉంటుందన్న సంగతి దేశంలో అందరికంటే ముందు మనకే తెలిసొచ్చింది.

ఢిల్లీ అనుమతి
పెట్టె కంటే ముందు మరో తలుపుంది. విదేశీ ఛానల్ ఇక్కడ ప్రసారం కావాలంటే కేంద్ర సమాచార శాఖ దగ్గర నమోదు కావాలని 2005 నవంబరు మార్గదర్శకాలు నిర్దేశించాయి. 2006 నవంబరులో మొదలైన అల్ జజీరా ఇంగ్లిష్‌కు 2010 డిసెంబరులో గానీ అనుమతి రాలేదు. కశ్మీర్ మ్యాపును తప్పుగా చూపిందని 2015 ఏప్రిల్‌లో దాని ప్రసారాలను అయిదు రోజులు ఆపేశారు కూడా.

ధర చూస్తే..
ట్రాయ్ కొత్త విధానం 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. ఏ ఛానల్‌నైనా విడిగా ఎంచుకునే హక్కు వీక్షకుడికి దక్కింది. అప్పటి ధరల పట్టికలో బీబీసీ వార్తల ఛానల్ నెలకు ఒక్క రూపాయి, సీఎన్‌ఎన్ అర్ధ రూపాయి! జర్మనీ వారి డీడబ్ల్యూ, జపాన్ వారి ఎన్‌హెచ్‌కే వరల్డ్ ఉచితం. తర్వాత రుసుములు మారాయి గానీ విడిగా కోరుకునే హక్కు పోలేదు.

మరి చిక్కెక్కడ? ఎక్కువ ఇళ్లలో నడిచేది ఆపరేటర్ ఇచ్చిన ప్యాకే. సీరియళ్లు, సినిమాలు, క్రికెట్ చూసుకుని ‘సరే’ అంటాం. ప్రపంచ వార్తలు మనకు గుర్తొచ్చేది ప్రమాదం జరిగిన రాత్రే. ఆ వేళకి కేబులాయన ఫోన్ ఎత్తడు!

సెల్‌ఫోన్ ఉందిగా అంటారు కుర్రకారు. నిజమే, అల్ జజీరా, డీడబ్ల్యూ యూట్యూబ్‌లో ఉచితంగానే వస్తున్నాయి. ఇంగ్లిష్ రానివారికి 2017 అక్టోబరులో మొదలైన బీబీసీ తెలుగు ఉంది. అయితే అదీ ప్రధానంగా ఫోన్‌లోనే. చూపు ఆనని తాతయ్యకు, వేలితో తెర జరపడం రాని నానమ్మకు అక్కరకొచ్చేది గోడ మీది టీవీయే.

ఇలా చేయండి
ఈసారి కేబుల్ డబ్బులు కట్టేటప్పుడు ఆపరేటర్‌ను ఛానళ్ల జాబితా అడగండి. డీటీహెచ్ అయితే కస్టమర్ కేర్‌కు చెప్పండి. అందులో ఉన్న విదేశీ వార్తా ఛానళ్లలో ఉచితమైనవి ముందు పెట్టించుకోండి. వాటి నంబర్లు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి రిమోట్ పక్కన ఉంచండి. దూరాన ఉన్న పిల్లల కబురు కోసం పెద్దవాళ్లు రాత్రంతా మేలుకున్నప్పుడు ఆ కాగితం విలువ తెలుస్తుంది.