చండీరాణి రాసిన అత్తగారు

1953 మా ఆదోనివాళ్లకు గుర్తుండాల్సిన ఏడు. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతవరకూ బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి, బళ్లారి ఊరు మైసూరు రాష్ట్రానికి పోయింది. జిల్లా మారింది గానీ మాట మారలేదు. మా పత్తి మార్కెట్టులో ఒకే మనిషి పొద్దు గూకేలోపు తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ మాట్లాడతాడు. సరిగ్గా అదే ఏడు మద్రాసులో ఒక తెలుగింటి ఆడపడుచు, తాను అల్లిన కథను తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ ఏకకాలంలో సినిమాగా తీసి విడుదల చేశారు. ఆ సినిమా చండీరాణి. ఆమె భానుమతీ రామకృష్ణ. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

భానుమతి అనగానే మనవాళ్లు మల్లీశ్వరి సినిమా అంటారు, పాట అంటారు, పొగరు అంటారు. ఆమె కలం సంగతి చివర్లో ఎప్పుడో వస్తుంది. నాకు మాత్రం ఆమె ముందు రచయిత్రి.

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925లో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతమంటే ప్రాణం పెట్టే మనిషి, కూతురికి తొలి గురువు ఆయనే. 1939లో సి.పుల్లయ్య తీసిన వరవిక్రయంలో కాళిందిగా తెరమీదికొచ్చింది ఆ పిల్ల. కట్నమిచ్చి మొగుణ్ణి కొనడం సహించలేక ప్రాణం తీసుకునే పాత్ర అది. తన కూతురిని ఏ నటుడూ తాకగూడదని తండ్రి షరతు పెట్టి మరీ పంపారు. ఆయన భయం అర్థం కావాలంటే ఆనాటి నాటకరంగాన్ని చూడాలి. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలం. ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టినవారిలో మా బళ్లారి రాఘవ ముందుంటారు. వృత్తికి వకీలు. ఆ పిలుపు విని కొమ్మూరి పద్మావతీదేవి లాంటి చదువుకున్నవాళ్లు ఆయన సరసన వేదిక ఎక్కారు. ఆ దారి అప్పుడప్పుడే తెరుచుకుంటున్నప్పుడు ఈ దొడ్డవరం పిల్ల వచ్చింది.

1943లో కృష్ణప్రేమ తీస్తున్నప్పుడు, అందులో సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న రామకృష్ణారావును ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. ఇక సినిమాలు చాలనుకున్నారు. బి.ఎన్.రెడ్డి స్వర్గసీమ (1945) ఆమెను వెనక్కి తెచ్చింది. కొడుకు భరణి పేరుమీద భార్యాభర్తలు సొంత సంస్థ పెట్టారు, తర్వాత స్టూడియో కూడా.

చండీరాణి దగ్గర కాస్త ఆగుతాను. అందులో ఆమెది ద్విపాత్రాభినయం, చంప ఒకరు, చండి ఒకరు. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ఇద్దరినీ ఒకే దృశ్యంలో చూపాలంటే కెమెరా కంటికి సగం మూతపెట్టి ఒక పాత్రను తీయాలి, ఫిల్ము వెనక్కి చుట్టి, రెండో సగం తెరిచి ఇంకో పాత్రను తీయాలి. మధ్యలో వేషం మార్చుకోవాలి, కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. ఇదంతా మూడు భాషల్లో! చంపకు మూడుసార్లు, చండికి మూడుసార్లు నటించి, నటన బాగుందో లేదో తీర్పు చెప్పాల్సిన దర్శకురాలూ తానే. కథ తన బుర్రలో పుట్టింది కాబట్టే ఇంత బరువు మోయగలిగారని నా నమ్మకం.

కానీ మా ఇంట్లోకి ఆమె వచ్చింది చండీరాణిగా కాదు, అత్తగారి కథలతో. 'మరచెంబు'తో మొదలైన ఆమె కథారచన ఈ అత్తగారితో తెలుగువాళ్ల వంటింట్లో కాపురం పెట్టింది.

నేను ఆదోని నుంచి ఎమ్మిగనూరు కోడలిగా వచ్చినదాన్ని. మగ్గాల ఇల్లు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం నీడలో బతికిన ఇండ్లలో మాదీ ఒకటి. మా అత్త మధ్యాహ్నం రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, నేను పక్కన కూర్చుని గ్రంథాలయం నుంచి తెచ్చిన అత్తగారి కథలు చదివి వినిపించేదాన్ని. ఆ కథల్లో అత్తగారికి మడి, ఆచారం, ఆవకాయ. మా ఇంట్లో మడీ లేదు, ఆవకాయ అంత సంబరమూ లేదు. మాది జొన్నరొట్టె, ఊరుబిండి, చింతకాయ తొక్కు. అయినా మా అత్తకు నవ్వాగేది కాదు. రాట్నం ఆపి, "సినిమా ఆమె గదనే, ఉప్పు ఎంత పడ్తాదో ఆమెకెట్ల తెల్సె?" అని అడిగింది ఒకసారి. "ఇంట్లో ఉండి చూసింటాది లే అత్తా" అన్నాను. "చూస్తే సాలదు, కలిపింటాది" అంది ఖాయంగా. ఏ విమర్శకుడూ ఇంత బాగా చెప్పలేదు.

అప్పటి తెలుగు సినిమాలో అత్తగారంటే నటి సూర్యకాంతం వేసే గయ్యాళి. జనం ఆ పేరే బిడ్డలకు పెట్టడానికి జంకారంటారు. అదే సినిమా లోకంలో ఉంటూ భానుమతి ఇంకో అత్తగారిని రాశారు. అమాయకురాలు, మొండిది, తన మాటే చెల్లాలనే మనిషి, కానీ పరాయి పిల్లమీద పగ లేదు. కథ చెప్పేది కోడలు. ఆ కోడలు అత్తను చూసి నవ్వుతుందే గానీ చులకన చేయదు. అత్తాకోడళ్లంటే కొట్లాటే అని అందరూ కథలల్లుతున్న రోజుల్లో ఇలా రాయడానికి మంచి మనసు ఒక్కటే సరిపోదు, లోకం ముందు నిలబడి తన తీరున తాను చెప్పే ధైర్యం కావాలి. చండీరాణికి దర్శకత్వం చేసిన ధైర్యమే అది, వంటింట్లోకి వచ్చింది.

ఆత్మకథ 'నాలో నేను'కు సినిమా గ్రంథాల విభాగంలో జాతీయ పురస్కారం దక్కింది. అరవై దాటి చాలా ఏళ్లయ్యాక కూడా, 1993లో, అసాధ్యురాలు సినిమాకు దర్శకత్వం వహించారు. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు. ఆమె పాటలు రేడియోలో, ఫోనుల్లో ఎక్కడైనా వినబడతాయి. సినిమా కథ రాయాలనుకునే మా సీమ ఆడపిల్లలకు మాత్రం నేను చెప్పేది ఒకటే: ముందు అత్తగారి కథలు చదవండి, ఆ తర్వాత చండీరాణి చూడండి.