బ్లాగ్‌కి జనం రావాలంటే లింక్ ఎక్కడ పెట్టాలి? ఎలా పెట్టాలి?

"అన్నా, బ్లాగ్ మొదలుపెట్టాను, ఇరవై పోస్టులు రాశాను, ఒక్కరు కూడా రావట్లేదు, ఏం చేయాలి?" అని చాలా మంది అడుగుతున్నారు. ఈ ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం. ముందు నేను చేసిన తప్పు చెప్తాను. అది వింటే మీకు కనీసం ఆరు నెలలు మిగులుతాయి.

నాది మిద్దె తోట మీద బ్లాగ్. మా అమ్మ డాబా మీద పెంచే మొక్కల గురించి ఫోన్‌లోనే టైప్ చేసి పెట్టేవాడిని. రోజుకి తొమ్మిది వ్యూస్ వచ్చేవి. అందులో ఆరు నావే! ఆ బాధలో నలభై గ్రూపుల్లో చేరి, ఒకే లింక్‌ని ఒకే రోజు అన్నిట్లో వేశాను. సాయంత్రానికి సగం గ్రూపుల నుంచి తీసేశారు, మిగతా చోట్ల స్పామ్ అన్నారు.

అంతటితో ఆగలేదు. "నువ్వు నా పేజీ చూడు, నేను నీ పేజీ చూస్తా, యాడ్ కూడా నొక్కుతా" అనే ఒక గ్రూపులో చేరాను. వారం రోజులు వ్యూస్ బాగా పెరిగాయి. నేనేదో సాధించాననుకున్నా. తర్వాత ఒక పొద్దున చూస్తే యాడ్స్ ఆగిపోయాయి, అప్పటిదాకా వచ్చిన కాస్త డబ్బూ పోయింది. తప్పు నాదే. మన యాడ్స్ మనం నొక్కకూడదు, ఇంకొకరిని నొక్కమని అడగకూడదు అని రూల్స్‌లో ముందే రాసి ఉంటుంది. నేను చదవలేదు, అంతే. కాబట్టి ఇలాంటి గ్రూపులకి మాత్రం దూరంగా ఉండండి.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

గూగుల్‌లో వెతికితే "బ్లాగ్ షేర్ చేయడానికి వంద సైట్లు" అని లిస్టులు కనిపిస్తాయి. అవి చాలా వరకు పాతవి. డిగ్, డెలిషియస్, స్టంబుల్‌అపాన్ అని ఒకప్పుడు పెద్ద పేర్లు ఉండేవి. స్టంబుల్‌అపాన్ 2018లో మూతపడింది, 2019లో గూగుల్ ప్లస్ కూడా పోయింది. మన తెలుగులో కూడా కూడలి, జల్లెడ, హారం, మాలిక అని ఉండేవి. కొత్త పోస్ట్ రాస్తే అక్కడ కనిపించేది, జనం అక్కడి నుంచి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ పని వేరే సైట్లు చేస్తున్నాయి.

ఇంకో అపోహ ఉంది. వంద చోట్ల లింక్ పెడితే గూగుల్‌లో పైకి వస్తామని. అలా కాదు. షేరింగ్ సైట్లలో మనం పెట్టే లింక్‌కి చాలా చోట్ల 'నోఫాలో' అనే ట్యాగ్ తగిలిస్తారు. ఇలాంటి స్పామ్‌ని ఆపడానికే 2005లో దాన్ని తెచ్చారు. కాబట్టి గూగుల్ కోసం కాదు, చదివే మనిషి కోసం షేర్ చేయండి.

మరి ఎక్కడ షేర్ చేయాలి? నాకు పనికొచ్చినవి మూడు.

మొదటిది పింటరెస్ట్. చాలా మంది దీన్ని ఫోటోల యాప్ అనుకుంటారు. నిజానికి అక్కడ జనం వెతుకుతారు. వంటలు, ముగ్గులు, బ్లౌజ్ డిజైన్లు, మొక్కలు, ఇంటి అలంకరణ... ఇలాంటి బ్లాగ్ అయితే తప్పకుండా వాడండి. ఫోటో నిలువుగా ఉండాలి, 1000 బై 1500 సైజు బాగుంటుంది. ఫోటో మీద పెద్ద అక్షరాల్లో విషయం రాయండి. మిగతా చోట్ల పోస్ట్ రెండు రోజుల్లో కిందికి పోతుంది. ఇక్కడ పిన్ నెలల తర్వాత కూడా మనుషుల్ని తెస్తుంది.

రెండోది కోరా. తెలుగులో కూడా ఉంది. ఇక్కడ ఒక్కటే సూత్రం: జవాబు మొత్తం అక్కడే చెప్పేయాలి. "పూర్తి వివరాలకి నా బ్లాగ్ చూడండి" అని సగంలో ఆపితే ఎవరూ రారు, పైగా విసుక్కుంటారు. జవాబు బాగుంటే వాళ్లే మన ప్రొఫైల్ తెరిచి చూస్తారు. రెడ్డిట్‌లో కూడా ఇంతే. ప్రతి గ్రూపుకీ సొంత రూల్స్ ఉంటాయి, చదివాకే పోస్ట్ చేయండి.

మూడోది వాట్సాప్, టెలిగ్రామ్. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అయితే మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది, ఒక లిస్ట్‌లో 256 మందే. అందుకే ఛానల్ పెట్టుకోవడం మేలు. ఇష్టమైనవాళ్లే చేరతారు, ఎవరినీ ఇబ్బంది పెట్టినట్టు ఉండదు.

ఇక్కడ ఒక చిన్న పని చాలా మంది చేయరు. లింక్ పంపితే కింద ఫోటో, టైటిల్, రెండు లైన్లు ఒక డబ్బాలో వస్తాయి కదా, జనం నొక్కేది దాన్ని చూసే. ఆ డబ్బా ఖాళీగా వస్తే ఏదో మోసం లింక్ అనుకుంటారు. బ్లాగర్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో సెర్చ్ డిస్క్రిప్షన్ ఆన్ చేసి, ప్రతి పోస్ట్‌కీ రెండు లైన్లు రాయండి. పోస్ట్ మొదట్లోనే ఒక మంచి ఫోటో పెట్టండి. షేర్ చేసే ముందు మీ నంబర్‌కే ఒకసారి పంపుకుని చూసుకోండి.

నాకు మార్పు ఎక్కడ వచ్చిందో చెప్తాను. ఒక గ్రూపులో ఒక ఆంటీ, టమాటా పూత రాలిపోతోంది అని అడిగారు. మే నెల. నేను లింక్ పెట్టలేదు. "ఎండ 35 డిగ్రీలు దాటితే పూత నిలవదండీ, మధ్యాహ్నం గ్రీన్ షేడ్ నెట్ కట్టండి, నీళ్లు పొద్దున్నే పోయండి" అని అక్కడే రాశాను. రెండు రోజులకి ఆవిడే "బాబూ, పిండినల్లికి కూడా ఏమైనా చెప్తావా?" అన్నారు. దాని మీద నా దగ్గర పోస్ట్ ఉంది. అప్పుడు ఇచ్చాను లింక్. ఆవిడ తన చెల్లెళ్లకి, పక్కింటివాళ్లకి పంపారు. ఆ రోజు వచ్చినవాళ్లు నలభై మందే. కానీ అందరూ చివరిదాకా చదివారు, కొందరు వేరే పోస్టులు కూడా తెరిచారు. నలభై గ్రూపులు ఇవ్వనిది ఒక్క జవాబు ఇచ్చింది.

చివరిగా, ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో చూసుకోండి. బ్లాగర్ స్టాట్స్‌లో ముందు మీ సొంత వ్యూస్ లెక్కపెట్టడం ఆపేయండి. లేకపోతే నాలాగే మీ వ్యూస్ చూసుకుని మీరే మురిసిపోతారు. తర్వాత రెఫరర్స్ చూడండి, ఏ సైట్ పనిచేస్తోందో తెలుస్తుంది. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్క సైట్ పట్టుకుని మూడు నెలలు చేయండి, పనిచేయకపోతే మారండి. రోజుకి ఒక లింక్ పెట్టే బదులు ఒక మనిషికి జవాబు చెప్పండి.

ఈ వారం ఆ ఒక్క పని చేసి చూడండి ఫ్రెండ్స్. వీడియో నచ్చితే, బ్లాగ్ రాసే మీ ఫ్రెండ్ ఒక్కరికి పంపండి, నలభై గ్రూపుల్లో మాత్రం వేయకండి!