రంగస్థలం ముందు కెమెరా: ఫోకస్ ఎవరి మీద?

రెండేళ్ళ కిందట మా ఊళ్ళో ఒక సాంస్కృతిక సభలో జరిగిన బుర్రకథను చిత్రీకరించే పని మిత్రులు నాకు అప్పగించారు. కెమెరా అద్దెకు తెచ్చిపెట్టి, "అన్నీ అదే చూసుకుంటుంది మాస్టారూ, బొత్తాం నొక్కితే చాలు" అన్నారు. నొక్కాను. గంటంబావు కథ. మర్నాడు వేసి చూస్తే, వేదిక వెనక కట్టిన బ్యానర్ మీది అక్షరాలు ఒత్తులతో సహా స్పష్టంగా ఉన్నాయి. దాని ముందు నిలబడ్డ ముగ్గురి ముఖాలూ చాలాసేపు మసకగానే ఉన్నాయి. నినాదం బాగా కనిపించి మనిషి అలుక్కుపోయిన కథల్ని నేను చాలాసార్లు విమర్శించాను. ఈసారి అలాంటిది నేనే తయారుచేశాను. రాజకీయ వంత చెప్పిన పెద్దాయన ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే కన్నుమూశారు. ఆయన ముఖం తేటగా పడిన దృశ్యం మా దగ్గర ఒక్కటీ లేదు.

ఇది సాంకేతికుల గొడవ, రచయితలకెందుకు అని కొందరు మిత్రులు అనవచ్చు. అలా అనుకునే నేనూ నష్టపోయాను. అందుకే ఆ తర్వాత నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

లెన్స్ ఒకసారికి ఒక్క దూరాన్నే పూర్తి స్పష్టంగా చూడగలదు. దానికి కాస్త ముందూ వెనకా ఉన్నది కూడా మన కంటికి స్పష్టంగానే తోస్తుంది. ఆ మేర ఎంత ఉంటుందనేది లెన్స్ ద్వారం ఎంత తెరిచాం, ఎంత జూమ్ చేశాం, ఎంత దూరంలో ఉన్నాం, సెన్సర్ ఎంత పెద్దది అనే నాలుగింటిని బట్టి ఉంటుంది. రంగస్థలం మీద వెలుతురు తక్కువ, కాబట్టి ద్వారాన్ని బార్లా తెరుస్తాం. మనం ప్రేక్షకుల వెనక ఉంటాం, కాబట్టి జూమ్ చేస్తాం. రెండూ ఆ మేరను తగ్గించేవే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 200 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి, ద్వారం ఎఫ్ 2.8 దగ్గర ఉంచి, 15 మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే మేర మీటరు కన్నా తక్కువ. కథకుడు తంబురా మీటుతూ రెండడుగులు ముందుకు వస్తే చాలు, అతనో వంతలో ఎవరో ఒకరు మసకబారక తప్పదు.

బుర్రకథలో ఇది చిన్న నష్టం కాదు. కథకుడు కథ చెబుతాడు. ఇద్దరు వంతల్లో ఒకరు హాస్యం చెబితే, మరొకరు కథను నేటి రాజకీయాలకు ముడిపెడతారు. ఆ రెండో మనిషి మసకైపోతే పాత కథ మిగులుతుంది, వర్తమానం జారిపోతుంది.

ఆటోఫోకస్‌కు ఈ వివేకం లేదు. వెలుగునీడల తేడా ఎక్కువ ఉన్న అంచులనూ, తనకు ముఖంలా తోచినదాన్నీ అది వెతుక్కుంటుంది. మైకు స్టాండూ, బ్యానర్ అక్షరాలూ దానికి మంచి ఎర. దీపాలు తగ్గినప్పుడు ఏదీ దొరక్క ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది. యంత్రం తనంతట తాను నిష్పక్షపాతంగా చూస్తుందనే భ్రమ అక్కడే పోతుంది.

నాజర్ బుర్రకథ 1954 నాటి 'అగ్గిరాముడు' సినిమాలో ఉంది. సినిమాలో నటుడు ఎక్కడ ఆగాలో గుర్తు పెడతారు, దూరం టేపుతో కొలుస్తారు, తప్పితే మళ్ళీ తీస్తారు. వేదిక మీద జరిగేది ప్రజల ముందు ఒక్కసారే. అక్కడి కళాకారుడు కెమెరా కోసం ఆడడు. ఆడమనడమూ తప్పే. కాబట్టి సిద్ధపడవలసింది మనమే.

మొదట, ప్రదర్శన కన్నా ముందే వెళ్ళాలి. ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎంత ముందుకు వస్తారో కళాకారులనే అడగాలి. ముందు, మధ్య, వెనక మూడు చోట్లా ఒక మనిషిని నిలబెట్టి, చేత్తో ఫోకస్ చేసి, లెన్స్ రింగు మీద మూడు టేపు ముక్కలు అంటించుకోవాలి. స్పష్టత సరిచూడడానికి కంటి రెప్పలో, తంబురా తీగలో చూసుకోవాలి. కెమెరాలోనే బొమ్మను పెద్దది చేసి చూపే సదుపాయం ఉంటుంది, దాన్ని వాడాలి. బాగా జూమ్ చేసి ఫోకస్ కుదుర్చుకుని వెనక్కి రావడం పాత వీడియో కెమెరాలకు పనికొచ్చేది. ఫొటో లెన్సుల్లో చాలావాటికి జూమ్ మారితే ఫోకస్ కూడా కదులుతుంది. వాటితో ఏ జూమ్‌లో తీస్తామో ఆ జూమ్‌లోనే సరిచూసుకోవాలి.

రెండు, ద్వారాన్ని ఎఫ్ 5.6కు తగ్గిస్తే స్పష్టమైన మేర సుమారు రెండింతలవుతుంది. వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి ఐఎస్‌ఓను 1600 నుంచి 6400కు పెంచవలసి వస్తుంది. బొమ్మలో కొంత రవ్వ కనిపిస్తుంది. మసక ముఖం కన్నా రవ్వ ఉన్న ముఖం మేలు.

మూడు, వీలైతే రెండో కెమెరాను స్టాండు మీద కదలకుండా పెట్టాలి. 35 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్ 4 ద్వారంతో 15 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, సుమారు 6 మీటర్ల నుంచి ఆపైనున్నదంతా స్పష్టమే. వేదిక మొత్తం పడుతుంది, ఎవరూ తప్పిపోరు. ఫోను కూడా ఈ పనికి చాలు. దాని సెన్సర్ చిన్నది కాబట్టి స్పష్టమైన మేర ఎక్కువ. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్‌ను కట్టేస్తే అది తడుముకోదు.

ఇవన్నీ చేసినా, కథకుడు ముందుకొచ్చిన క్షణాన ఎవరిని స్పష్టంగా ఉంచాలన్న ప్రశ్న తీస్తున్నవాడికి మిగులుతుంది. దానికి జవాబు కథ తెలిసినవాడే చెప్పగలడు. ఎక్కడ వంత అందుకుంటాడో తెలిస్తేనే చేయి ఒక్క క్షణం ముందు రింగు తిప్పుతుంది. మన కళారూపాలను తీసే పనికి కెమెరా తెలిసిన కుర్రవాళ్ళతో పాటు కథ తెలిసిన ఒకరు పక్కన కూర్చోవాలని నేను చెప్పడం అందుకే. కిందటి నెల మరో దళం కథను అలాగే తీశాం. మొదట రాజకీయ వంత ముఖం చూశాను. కంటి రెప్పలు లెక్కపెట్టేంత తేటగా ఉంది.