కంచె వెలుపలి కెమెరా

ఆకసమున విమానపు మ్రోత వినవచ్చినప్పుడు తల యెత్తి చూడని పిల్లవాడుండడు. పాఠము చెప్పుచున్న ఉపాధ్యాయుడు సయితము ఒక్క క్షణము మాట ఆపి కిటికీ వంక చూచుట కద్దు. ఒకప్పుడు ఈ ముచ్చట చూపుతోనే తీరెడిది. ఇప్పుడు ప్రతివాని చేతిలోని ఫోనులోను కెమెరా ఉన్నది. కంటబడినదాని నెల్ల పట్టి నిలుపవలెనను కోరికయు దానితోపాటే వచ్చినది. చదువునకో, కొలువునకో, ఆసుపత్రికో శ్రీకాకుళమునుండియు విజయనగరమునుండియు విశాఖపట్నము పోవు మన యువకులకు ఆ కోరికను రేపు చోటు ఒకటి దారిలోనే తగులును. నగరమునకు పడమట నున్న విమానాశ్రయ మది. జాతీయ రహదారికి చేరువనే పొడవైన కంచె. కంచెకు లోపల నౌకాదళమువారి విమానములు, హెలికాప్టర్లు.

ఆ స్థావరము పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. అది 1991 అక్టోబరు 21న నౌకాదళమున చేరినది. తమ విమాన స్థావరములకు పక్షుల పేర్లు పెట్టుట నౌకాదళమువారి ఆచారము. కొచ్చిలో గరుడ, గోవాలో హంస, తమిళనాట అరక్కోణములో రాజాళి. మన తీరమునకు వచ్చుసరికి వారు తెలుగు మాటనే ఏరుకొనిరి. కోడిపిల్లలమీద వ్రాలు డేగను ఎరిగిన పల్లెటూరి బాలునకు ఈ పేరు వేరుగా వివరింపనక్కరలేదు. పౌర విమానములును ఏండ్ల తరబడి ఆ నౌకాదళపు రన్‌వే మీదనే దిగుచు వచ్చినవి. విమానము నేల తాకకముందే "ఇది రక్షణశాఖవారి విమానాశ్రయము, ఛాయాచిత్రములు తీయరాదు" అని ప్రయాణికులను హెచ్చరించుట అందువలననే. విజయనగరము జిల్లా భోగాపురములో పౌరులకై వేరొక విమానాశ్రయము కట్టుటకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినది.

విమానముల బొమ్మలు తీయుట కొన్ని దేశములలో గొప్ప వ్యాసంగము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండులో సామాన్య పౌరులు మిట్టలమీద కాపు కాచి, వచ్చునది స్వపక్షపు విమానమో శత్రు విమానమో రెక్కల తీరునుబట్టి, మ్రోతనుబట్టి పోల్చి చెప్పుచుండెడివారు. ఆ అలవాటు యుద్ధము ముగిసినను పోలేదు. నేటికిని వేల్సు దేశపు కొండలలో ఒక లోయ కలదు. సైనిక జెట్ విమానములు అందులో మిక్కిలి తక్కువ యెత్తున దూసికొనిపోవుచు అభ్యాసము చేయును. కెమెరాలు పట్టినవారు కొండ నెక్కి, తమ పాదములకు దిగువగా పోవు విమానముల బొమ్మలు తీయుదురు. వారిని అడ్డగించువారు లేరు.

ఈ పనిలోని నేర్పు చిన్నది కాదు. జెట్ విమానమును స్ఫుటముగా పట్టవలెనన్నచో షట్టరు సెకనులో వెయ్యవ వంతు కాలమే తెరచుకొనవలెను. పంకాల విమానమునకు ఆ లెక్క పనికిరాదు. అంత వేగముగా తీసినచో తిరుగుచున్న పంకా ఆగిపోయినట్లు కనబడి, గాలిలో బొమ్మను వ్రేలాడదీసినట్లుండును. అందుచేత షట్టరును నెమ్మది పరచి, విమానముతోపాటు కెమెరాను త్రిప్పుచు తీయుదురు. మధ్యాహ్నపు టెండకు రన్‌వే మీది గాలి మరిగి బొమ్మను అలలు అలలుగా చెరచును గనుక ఉదయపు వేళ మేలు. ఎదురుగాలికి మొగము పెట్టి లేచుట విమానముల పద్ధతి గనుక గాలివాటము తెలిసినవాడు అది ఏ కొననుండి లేచునో ముందే చెప్పగలడు. ఇంతటి భౌతికశాస్త్రమును మన పాఠశాలలలో ఇంత ఇష్టముగా నేర్చుకొనువారు అరుదు. ఇట్టి ఆసక్తిని చిల్లర చేష్ట యని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు.

అయినను మన దేశమున చట్టము వేరు. 1923వ సంవత్సరపు అధికార రహస్యముల చట్టమున "నిషిద్ధ స్థలము" అను మాట యున్నది. సైనిక, నౌకా, వైమానిక స్థావరము లన్నియు అందు చేరును. "రేఖాచిత్రము" అను మాటకు ఛాయాచిత్రమును అర్థమే యని ఆ చట్టము వివరించినది. దేశ భద్రతకు హాని కలిగించు ఉద్దేశముతో అట్టి చోటు సమీపమున తిరుగాడినను, శత్రువునకు ఉపకరింపగల చిత్రము తీసినను నేరమే. రక్షణ స్థావరములకు సంబంధించిన పట్ల శిక్ష పదునాలుగేండ్లవరకు పోవచ్చును. ఇందు మరియొక మెలిక యున్నది. నిందితుడు చేసిన పని ఇదియని ప్రత్యేకముగా నిరూపింపకున్నను, అతని నడవడినిబట్టియు పరిస్థితులనుబట్టియు ఉద్దేశము నిర్ణయింపవచ్చునని మూడవ సెక్షను చెప్పుచున్నది. ఆంగ్ల ప్రభుత్వము తన ప్రజలను నమ్మని కాలమున పుట్టిన మాట యిది. కంచె యొద్ద కెమెరా నిషేధించుట సబబే యని నేనొప్పుకొందును. కాని ఏమియు నెరుగని పదునారేండ్ల కుర్రవాడు తన మనసులో దురుద్దేశము లేదని తానే చూపుకొనవలసి వచ్చుట మాత్రము ఏమి న్యాయమో తెలియదు.

ఒక్క బొమ్మలో అంత రహస్య మేమున్నదని విద్యార్థులు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. తోక మీది అంకెనుబట్టి అది ఏ విమానమో తెలియును. రెక్క క్రింద ఏమి తగిలించిరో, కడుపు క్రింద క్రొత్తగా ఏ యాంటెన్నా మొలచినదో కనబడును. ఒకే చోటినుండి పది దినములు తీసిన బొమ్మలను వరుసగా పేర్చినచో ఎన్ని విమానములు పోయినవి, ఎన్ని మరలినవి, ఏ వేళకు పోవుచున్నవి అను లెక్క దొరకును. ఇదిగాక, స్థాన సూచనకు అనుమతి యిచ్చియున్న ఫోను తాను తీసిన బొమ్మలోనే తీసిన వేళను, అక్షాంశ రేఖాంశములను దాచి ఉంచును. బొమ్మను మిత్రునకు పంపినవాడు వాటినికూడ పంపినట్లే కావచ్చును.

ఈ భయము ఊహ కాదని విశాఖవారికి 2019 డిసెంబరులో తెలిసివచ్చినది. ఓడల యొక్కయు జలాంతర్గాముల యొక్కయు జాడలు శత్రుదేశమునకు చేరవేసిరను ఆరోపణ మీద నౌకాదళపు ఉద్యోగులను ఏడుగురిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు నిర్బంధించిరి. సామాజిక మాధ్యమములలో స్త్రీల పేర్లతో పరిచయము చేసికొని వలలో వేసికొన్నారని పోలీసులు చెప్పిరి. ఆ పనికి వారు పెట్టిన పేరు "ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్". రేవునకు కాపుగా నిలిచిన కొండ పేరే యది.

రెండవ వైపు కథ గ్రీసు దేశముది. 2001 నవంబరులో అచట కలమాటా వైమానిక స్థావరమున జరిగిన వేడుకకు పోయిన బ్రిటిషువారు పన్నెండుగురిని, డచ్చివారు ఇద్దరిని గూఢచారులని పట్టుకొనిరి. వారికి విమానముల అంకెలు వ్రాసికొనుట వినోదమనిన అచ్చటి అధికారులు నమ్మలేదు. వారాల తరబడి చెరసాలలో ఉండి, 2002 ఏప్రిలులో శిక్షలు పడి, ఆ నవంబరులో అప్పీలు మీద నిర్దోషులని విడుదలైరి. ఒక దేశమున వేడుక మరియొక దేశమున నేరమగుట ఇట్లుండును.

మన తీరమున ఆకసమును చూచు పని ఒకప్పుడు ప్రాణములతో కూడినదై యుండెను. రెండవ ప్రపంచ యుద్ధమున తీరరక్షణకై ఏర్పడిన స్వచ్ఛంద వైమానిక దళములలో ఆరవది విశాఖపట్నమునకు చెందినది. పాతబడిన వాపిటి విమానములలో, జంట రెక్కలవానిలో, వారు సముద్రముమీద తిరిగి కంటితోనే శత్రు నౌకలను వెదకుచుండిరి. 1942 ఏప్రిల్ 6న "ర్యూజో" అను జపాను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్నము మీదను కాకినాడ మీదను బాంబులు వేసినవి. పట్టణము విడిచి జనులు లోపలి ఊళ్లకు బండ్లు కట్టుకొని పోయిరి. నాడు పడిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియములో ఉన్నది. పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయులు దాని యెదుట కొంతసేపు నిలువవలెను.

కంచె యొద్ద దొంగచూపులు చూడకయే విమానమును తనివితీర చూచు చోటును విశాఖలోనే కలదు. టి.యు. 142 అను రష్యా విమానము సముద్రతీరపు రోడ్డు ప్రక్కన, కురుసుర జలాంతర్గామికి ఎదుట నిలిచియున్నది. పొడవు సుమారు 53 మీటర్లు. ఇంజన్లు నాలుగు, ఒక్కొక్క ఇంజనుకు రెండేసి పంకాలు, ఒకదానికొకటి ఎదురుదిక్కున తిరుగును. ఇట్టివి ఎనిమిది 1988లో మన నౌకాదళమునకు వచ్చినవి. మొదట గోవాలో, 1992నుండి అరక్కోణములో ఉండి, సముద్రగర్భమున దాగిన జలాంతర్గాములను గంటల తరబడి వెదకుచుండెడివి. ఇరువదితొమ్మిదేండ్ల కొలువు ముగించి 2017 మార్చి 29న విరమించినవి. అందొకటి ఆ ఏప్రిలులో తన రెక్కల బలముతోనే డేగ స్థావరమున దిగినది. తరువాత దానిని ముక్కలుగా విప్పి, రోడ్డుమీదుగా తీరమునకు తెచ్చి, మరల కూర్చిరి. 2017 డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించిరి. ఒకప్పుడు కంచె వెలుపలినుండి బొమ్మ తీసినవానిని పోలీసులు పట్టుకొనదగిన విమానమిది. నేడు దాని కడుపులో పిల్లలు నడచుచున్నారు. రహస్యమునకును వయసు కలదు కాబోలు! లోపలినుండియే చూడవలెనను పట్టుదల కలవారికి విజయనగరము చెంతనే కోరుకొండ సైనిక పాఠశాల యున్నది. విజయనగరపు రాజుల భవనములో 1962లో అది వెలసినది. 2021నుండి సైనిక పాఠశాలలలో బాలికలకును ప్రవేశము దొరకుచున్నది.

విమానాశ్రయమునకు దగ్గర కూడలిని అందరు ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు అందురు. ఆ మూడక్షరములు నావికా ఆయుధ భాండారమును తెలుపునని తలచి పలుకువారు కొందరే. 2016 జూలై 22న చెన్నై తాంబరమునుండి పోర్ట్ బ్లెయిర్ పోవుచు బంగాళాఖాతముమీద అదృశ్యమైన వైమానికదళపు ఏ.ఎన్. 32 విమానములో ఇరువదితొమ్మిదిమంది యుండిరి. వారిలో ఎనిమిదిమంది విశాఖలోని ఆ భాండారపు ఉద్యోగులు. ఓడలు, విమానములు వారాల తరబడి వెదకినను చిన్న ముక్కయైన దొరకలేదు. ఏండ్లు గడచిన తరువాత జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు మనిషి లేకయే నడచు యంత్రమునొకదానిని చెన్నై తీరమునకు సుమారు 140 నాటికల్ మైళ్ల దూరమున నీటిలోనికి దింపిరి. 3,400 మీటర్ల లోతున అది బొమ్మలు తీసినది. వాటిని పరిశీలించి, ఆ శకలములు ఏ.ఎన్. 32 విమానపు శకలములతో సరిపోవుచున్నవని 2024 జనవరి 12న రక్షణశాఖ ప్రకటించినది. ఏడున్నర యేండ్లు ఎదురుచూచిన ఆ ఇండ్లవారికి మొదటి జాడ చేర్చినవి ఆ బొమ్మలే.