కారు ఎవరిది? మన్నిక ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: మా మామయ్య టయోటా గ్లాంజా కొన్నాడు. బానెట్ ఎత్తి చూస్తే లోపల కొన్ని భాగాల మీద సుజుకి అని ఉంది. ఇంతకీ అది ఎవరి కారు? టయోటా అయితే ఎక్కువకాలం మన్నుతుందంటారు, నిజమేనా?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, దరియాలతిప్ప, యానాం

నువ్వు చూసింది సరైనదే బాబూ. గ్లాంజాను తయారుచేసేది సుజుకి, అంటే మన దేశంలో మారుతి సుజుకి. మారుతి బలెనో పేరుతో అమ్మే కారుకే ముందువైపు జాలీ, బంపరు, గుర్తు మార్చి టయోటాకి ఇస్తున్నారు. 2019 నుంచి ఇలా సాగుతోంది. ఒకే మిల్లులో ఆడిన బియ్యం రెండు పేర్ల సంచుల్లో బజారుకి రావడం మన గోదావరి వైపు అందరూ ఎరిగిన సంగతే, ఇదీ అలాంటిదే. ఇందులో మోసం లేదు. రెండు కంపెనీలూ బయటికి చెప్పే చేస్తున్నాయి.

అలా ఎందుకు చేస్తారు? కొత్త మోడల్ ఒకటి రోడ్డెక్కాలంటే తలుపు రేకును ఒత్తే అచ్చుల దగ్గర్నుంచి గోడకి గుద్దించి చూసే పరీక్షల దాకా అన్నిటికీ డబ్బే. ఆ ఖర్చు లక్షల కార్ల మీద పంచితేనే గిట్టుబాటవుతుంది. చిన్న కార్లలో సుజుకిది అందె వేసిన చెయ్యి. పెట్రోలు ఇంజినుకి తోడు బ్యాటరీ మోటారు కూడా ఉండే హైబ్రిడ్ బండ్లలో టయోటా దిట్ట. కాబట్టి ఇచ్చిపుచ్చుకుంటున్నారు. టయోటా వారి ఇన్నోవా హైక్రాస్‌నే 2023 నుంచి మారుతి ఇన్విక్టో అన్న పేరుతో అమ్ముతోంది. 2019లోనే టయోటా సుజుకిలో 4.94 శాతం వాటా కొంటామని ప్రకటించింది, సుజుకి కూడా టయోటాలో చిన్న వాటా తీసుకుంది.

పేరు మార్చి అమ్ముకోవడం ఒక సంగతి. కంపెనీయే చేతులు మారడం ఇంకో సంగతి. దీనికి ఆంధ్రప్రదేశ్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. పెనుకొండ దగ్గర 2019లో కియా ఫ్యాక్టరీ మొదలై సెల్టోస్ కార్లు బయటికొచ్చాయి. ఈ కియా 1944లో కొరియాలో ఉక్కు గొట్టాలు, సైకిలు భాగాలు చేసే కంపెనీగా పుట్టింది. 1997లో ఆసియా దేశాలను కుదిపేసిన ఆర్థిక సంక్షోభంలో దివాలా తీస్తే, మరుసటి ఏడు హ్యుందాయ్ కొంది. ఇప్పుడు కియాలో దాదాపు మూడో వంతు వాటా హ్యుందాయ్‌ది. కియాకి మోబిస్ అనే విడిభాగాల కంపెనీలో వాటా ఉంది. ఆ మోబిస్‌కి హ్యుందాయ్‌లో వాటా ఉంది. అంటే హ్యుందాయ్ యజమాని ఎవరని వెతుక్కుంటూ పోతే తిరిగి హ్యుందాయ్ దగ్గరికే వస్తాం! స్థాపించిన కుటుంబం తక్కువ సొంత వాటాతోనే మొత్తం గ్రూపు మీద పట్టు నిలుపుకోవడానికి ఈ ఏర్పాటు పనికొస్తోంది. పెనుకొండ సెల్టోస్, శ్రీపెరంబుదూరులో తయారయ్యే హ్యుందాయ్ క్రెటా పైకి వేర్వేరు బండ్లు. అడుగు నిర్మాణం, ఇంజిన్లు మాత్రం ఒకే వంటింటివి.

యానాం వాళ్లకి ఫ్రాన్సు పేరు చెబితే చెవులు నిక్కబొడుచుకుంటాయి కనుక ఇదీ చెప్పాలి. ఫ్రెంచి కంపెనీలైన ప్యూజో, సిట్రొయెన్ 1976లో ఒక గొడుగు కిందికి వచ్చాయి. 2021లో అవి ఇటలీ ఫియట్‌తోనూ అమెరికా క్రైస్లర్‌తోనూ కలిసి స్టెలాంటిస్ అయ్యాయి. అమెరికా జీపుకీ ఇప్పుడు అదే యజమాని. మన అంబాసిడర్ ఉందే, ఆ పేరును 2017లో హిందుస్థాన్ మోటార్స్ 80 కోట్లకి ప్యూజో గ్రూపుకి అమ్మేసింది.

ఇక రెండో ప్రశ్న. యజమాని మారితే మన్నిక మారుతుందా? ఫియట్ 1.3 లీటర్ల డీజిల్ ఇంజినును గుర్తుచేసుకుందాం. మారుతి స్విఫ్ట్‌లో, టాటా ఇండికా విస్టాలో, ఫియట్ పుంటోలో ఉన్నది అదే. ఏ పేరుతో వచ్చినా ఇంజిను గట్టిదే. కానీ స్విఫ్ట్‌కి ప్రతి ఊళ్లోనూ మెకానిక్కు దొరికాడు, సామాను దొరికింది. ఫియట్ పేరు పెట్టుకున్న బండ్లకి ఆ వసతి అంతగా లేదు. అందుకే స్విఫ్ట్ మన్నే బండి అన్న పేరు తెచ్చుకుంది, పుంటోకి ఆ పేరు దక్కలేదు. నా ఉద్దేశంలో మన్నికలో సగం ఫ్యాక్టరీలో తయారవుతుంది, మిగతా సగం బండి తిరిగే ఊళ్లో. మీ మామయ్య గ్లాంజా సంగతే చూడు. మొదట్లో బలెనోకి 2 ఏళ్లు లేదా 40 వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తే, అదే కారుకి గ్లాంజా పేరు మీద 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు ఇచ్చారు. బండి ఒకటే, మాట ఇచ్చిన తీరు వేరు. 2024లో మారుతి కూడా 3 ఏళ్లకి వచ్చింది.

ఫ్యాక్టరీ సగంలోనూ ఒక మెలిక ఉంది. కారు కంపెనీ తన బండిలోని భాగాలన్నీ తానే చెయ్యదు. జపాన్‌లోని టకాటా అనే కంపెనీ హోండా, టయోటా, ఫోర్డ్, బీఎండబ్ల్యూ ఇలా ఎందరికో ఎయిర్‌బ్యాగులు (గుద్దుకున్నప్పుడు ఉబ్బి కాపాడే సంచులు) అమ్మింది. ఆ సంచిని ఉబ్బించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ గాలిలోని తేమకీ గురైతే చెడిపోతుంది. చెడింది మామూలుగా మండక పేలుతుంది, చుట్టూ ఉన్న లోహపు డబ్బా ముక్కలై మనిషిని తాకుతుంది. ప్రాణాలు పోయాయి. ప్రపంచమంతా కలిపి సుమారు 10 కోట్ల ఎయిర్‌బ్యాగులు వెనక్కి పిలవాల్సి వచ్చింది (దీన్నే రీకాల్ అంటారు), 2017లో టకాటా దివాలా తీసింది. బానెట్ మీద ఏ గుర్తు ఉన్నా లోపలి లోపం ఒకటే.

వేడీ తేమా అన్నాను కదా, అవి రెండూ దరియాలతిప్పలో ఏడాది పొడుగునా ఉండేవే. పైగా గౌతమి పాయ మీదుగా వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమను లాక్కుని రేకు మీద కంటికి కనపడని నీటి పొరగా నిలబెడుతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులభంగా పారుతుంది, తుప్పు పట్టడానికి కావలసింది సరిగ్గా అదే. అందుకే రంగు ఉన్నచోట కాకుండా సైలెన్సరు, తలుపుల అడుగు అంచులు, బ్రేకు గొట్టాలు ముందు పోతాయి. వైర్ల కనెక్టరు విప్పితే రాగి కాళ్ల మీద పచ్చటి పొడి కనిపిస్తుంది. ఏసీ ఆగిందన్నా, హెడ్‌లైటు వెలగడం లేదన్నా చాలాసార్లు దోషి ఆ పొడే. దానికి టయోటా అని తెలియదు, సుజుకి అని తెలియదు. కొత్త బండికి అడుగున తుప్పునిరోధక పూత వేయించడం, నెలకోసారి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించడం మీ ఊరికి తప్పనిసరి.

పాత కారు కొనేవాళ్లు మాత్రం ఇంకొక్క పని చెయ్యాలి. ఆర్‌సీలో 17 అక్షరాల, అంకెల చాసిస్ నంబరు ఉంటుంది. మొదటి మూడూ తయారీదారు ఎవరో చెబుతాయి. ఎంఏ3 అంటే మారుతి సుజుకి, ఎంజెడ్‌బీ అంటే కియా ఇండియా. ఆ నంబరు పట్టుకెళ్లి కంపెనీ సర్వీసు సెంటర్లో, ఈ బండికి రీకాల్ పని ఏమైనా బాకీ ఉందా అని అడగండి. ఉంటే ఉచితంగా చేసిపెడతారు.