కర్సర్ ఎక్కడుంది?

మరునాడు ఉదయం ఆదరణ కూడిక. ఆ సాయంత్రం మా సంఘములో ఒక ఇంట పెద్ద గాబరా పుట్టింది. చనిపోయిన పెద్దాయన జీవిత చరిత్రను ఆయన మనుమరాలు కంప్యూటర్‌లో రెండు పేజీలు టైపు చేసింది. చివరిలో 'ఓదార్పు' అనే మాట చేర్చబోగా రెండు పేజీలూ మాయమై, తెల్లని తెర మీద 'ద' అనే ఒక్క అక్షరము మిగిలింది. "ఉన్న దుఃఖము చాలదన్నట్టు ఇదొకటా!" అన్నారు వాళ్ల నాయనమ్మ.

మేము తెలిసిన ఒక తమ్ముడిని పిలిపించాము. ఆయన కంట్రోల్ మీట పట్టుకొని 'జెడ్' నొక్కారు. పోయినవన్నీ తిరిగి వచ్చాయి! నిమిషమైనా పట్టలేదు.

జరిగినది ఇది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో 'ఓ' కావాలంటే షిఫ్ట్ పట్టుకొని ఇంగ్లీషు 'ఎ' మీట నొక్కాలి. ఆ అమ్మాయి కంగారులో షిఫ్ట్ కింద ఉండే కంట్రోల్ పట్టుకొన్నది. అలా నొక్కితే వ్రాసినదంతా ఒక్కసారే ఎంపికై రంగు మారుతుంది. చూడకుండ తరువాతి అక్షరము కొట్టేసరికి, ఎంపికైన దానంతటి స్థానములో అదొక్కటే కూర్చుంది.

మన యౌవనస్థులు ఇప్పుడు ఆరాధన క్రమము, పాటల కాగితాలు, స్త్రీల సమాజపు ఉత్తరాలు తామే టైపు చేస్తున్నారు. కనుక వారు మొదట తెలుసుకోవలసినది కర్సర్ సంగతి. మినుకు మినుకుమంటూ నిలువుగా కనిపించే సన్నని గీతే కర్సర్. తరువాతి అక్షరము అక్కడే పడుతుంది. లాటిన్‌లో ఈ మాటకు పరుగెత్తువాడు అని అర్థము. మౌస్‌తో తిరిగే బాణము వేరు. బాణమును మాట దగ్గరకు తీసుకుపోయినంత మాత్రాన కర్సర్ రాదు, అక్కడ ఒకసారి క్లిక్ చేయాలి. కొత్తవారిలో సగం తిప్పలు ఇక్కడే అని మా అనుభవము.

మౌస్ లేకున్నా పని జరుగుతుంది. హోమ్ మీట వరుస మొదటికి, ఎండ్ మీట వరుస చివరికి తీసుకుపోతాయి. కంట్రోల్‌తో కలిపి నొక్కితే మొత్తం వ్రాతకే మొదటికి, చివరికి. కంట్రోల్‌తో బాణపు మీట నొక్కితే ఒక్కొక్క మాట దాటుతుంది. వీటికి షిఫ్ట్ చేర్చితే దాటినంత మేర ఎంపికవుతుంది. అప్పుడు మాత్రం జాగ్రత్త.

మన తెలుగుకు ఒక ప్రత్యేకత ఉంది. 'స్త్రీ' చూడటానికి ఒక్కటే. కంప్యూటర్ లోపల అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘము అని ఆరు ముక్కలు. బాణపు మీట సాధారణంగా ఆ ఆరింటినీ ఒక్క గంతులో దాటుతుంది. ముందు నిలిచి డిలీట్ నొక్కితే అక్షరమంతా పోతుంది. వెనుక నిలిచి బ్యాక్‌స్పేస్ నొక్కితే చివరి ముక్క మాత్రమే పోతుంది.

ఇది ఆ రాత్రే అక్కరకు వచ్చింది. మొదటి వరుసలో 'క్రీస్తునందు నిద్రించిన' అనుటకు 'క్రిస్తునందు' అని పడినట్టు నాయనమ్మగారే కళ్లద్దాలు సవరించుకొని పట్టుకొన్నారు. అమ్మాయి మాటంతా చెరిపివేయబోయింది. తమ్ముడు ఆపి, కర్సర్‌ను 'క్రి' పక్కన నిలిపించారు. ఒక్క బ్యాక్‌స్పేస్‌తో గుడి పోయింది, దీర్ఘము పెట్టింది. కాపీలు తీయించేసరికి రాత్రి తొమ్మిది దాటింది.